పసుపు లెక్క

డిసెంబరు మూడున పుట్టావు.
అప్పటికే పది రోజులైంది
మా వర్దో దీవికి సూర్యుడు సెలవు చెప్పి.
మధ్యాహ్నం ఓ గంట నీలం,
మిగతాదంతా మసి.

మొదటి రెండు రోజులు నీదీ మసే,
తారులా జిగటగా, తుడిస్తే పాకేది.
తర్వాత పాచిరంగు.
ఐదోనాటికి
ఆవాలు నూరి పెరుగులో కలిపినట్టు
పల్చని పసుపు, అక్కడక్కడా గింజలు.
"పాలు పడ్డాయి" అంది మీ అమ్మ గురో,
గుడ్డని దీపం దగ్గరికి పట్టుకెళ్ళి
గీటు చూసే కంసాలిలా.

ఇక ఆగింది లేదు.

తాగుతావు. కళ్ళు మూస్తావు.
మొహం కందగడ్డవుతుంది, పిడికిళ్ళు బిగుస్తాయి,
లోకానికేదో గొప్ప మాట చెప్పబోతున్నట్టు
నుదురు ముడిపడుతుంది.
చెప్పేస్తావు.
గురో స్వెటరు దించుకునేలోపే.

రేవు షెడ్డులో కాడ్ చేపల పొట్టలు చీల్చే చేతులు నావి.
పేగులంటే రోత లేదు, వాసనంటే వెరపు లేదు.
అరచేతి వెడల్పు లేని నీ నడుముకి
డైపరు అంటించబోతే మాత్రం
వణికాయి.
మొదటిసారి వెనకది ముందుకి తొడిగాను.
నా తెలివిని నువ్వు
వీపు మీదుగా మెడ దాకా చాటావు.

చేపల తూకం రాసే పుస్తకంలో గీతలు పెట్టాను.
బుధవారం పదకొండు.
గురువారం పదమూడు.
శుక్రవారం పెన్ను దొరకలేదు.

నర్సు తూరిడ్ వచ్చింది,
బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్ళతో, మంచు వాసనతో.
"విరేచనాలేమో" అన్నాను, పుస్తకం చాపాను.
పుస్తకం ముట్టుకోలేదు.
నిన్ను తూకం బల్ల మీద పడుకోబెట్టి
అంకె చూపించింది.
"ఒళ్ళు చేస్తోంది. జ్వరం లేదు, నెత్తురు లేదు.
చనుబాలు తాగే పసిది ఇలాగే పోతుంది.
ఉత్త నీళ్ళలా పోయినా, పాలు వద్దన్నా పిలవండి.
అందాకా లెక్కలు కాదు,
తుడవడం నేర్చుకోండి. రుద్దకుండా."
ఆమాట అంటూండగానే తూకం బల్ల పసుపైంది.

అప్పట్నుంచి గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ.
కందిన చోట గాలాడాలని
పొయ్యి పక్కన తువ్వాలు మీద బోర్లా వేస్తే
ఎర్రటి పిర్రలతో నిప్పుకేసి చూసేదానివి,
చలికాచుకునే ముసలి జాలరిలా.

ఓ రాత్రి మూడింటికి
సముద్రపు గాలి రేకుల్ని పీకుతుంటే
పాతది తీశాను, కొత్తది పెట్టబోయాను,
ఆ రెంటికీ మధ్య ఉన్న ఒక్క ఊపిరిలో
గోడ దాకా కొట్టావు.
గురో నవ్వింది. ఏడ్చిందేమో కూడా,
ఆ చీకట్లో రెండూ ఒకేలా వినిపించేవి.
పగలేదో రేయేదో తెలియని ఇంట్లో
నువ్వే గడియారం,
గంటగంటకీ మోగేదానివి.

జనవరి మధ్యలో ఉన్నట్టుండి
ఆగిపోయింది.

ఒక రోజు. రెండు.
విప్పి చూస్తాం, తడి తప్ప ఏమీ లేదు,
మొహమొహాలు చూసుకుంటాం.
ఫోన్లో తూరిడ్ ఆవలించింది:
"పొట్ట మెత్తగా ఉందా? తాగుతోందా? నవ్వుతోందా?
అయితే ఆగండి. ఆరు వారాలు దాటితే మామూలే."
ఆగాం.
వద్దురా బాబూ అని మొత్తుకున్నదాని కోసం
పనిమాలా ఎదురుచూశాం.
గురో నీ చెవిలో బతిమాలుకుంది: ఎంబ్లా, కొంచెం, ఒక్క చెంచాడు.

ఐదోనాడు మధ్యాహ్నం
బడిపిల్లలందరూ కోట దగ్గర మూగారు.
నీళ్ళ అంచున గుండ్రంగా, పూర్తిగా
తేలాడట.
నేను చూడలేదు.
ఫిరంగి పేలింది, కిటికీ అద్దాలు గల్లుమన్నాయి,
నువ్వు ఉలిక్కిపడి చేతులు రెండూ బార్లా చాపి
మొహం కందగడ్డ చేసి
నుదురు ముడిచి...

గురో! తువ్వాలు!
కాదు, ఉన్నవన్నీ పట్రా!