అక్కర్లేని సంపాదన

నా సంపాదన మా ఇంటికి అక్కర్లేదని
నా చేత్తో నేనే రాసివ్వాలట.
నెబ్రాస్కా చలిలో, హీటరు గుర్రుమనే గదిలో
ఆ మాట చెప్పి లోర్నా కళ్ళజోడు తుడుచుకుంది.
"నీ డబ్బుతో నీ భార్య బతక్కూడదు, వర్ద్‌గెస్.
పాపకి స్కేటింగ్, సెలవుల్లో షికార్లు... అలా రాయి."

గ్యుమ్రీలో ఇరవై రెండేళ్ళు పియానోలు శ్రుతి చేశాను.
ఇక్కడ న్వార్ద్ వీసాకి తోకని.
ఆమె పొద్దస్తమానం మట్టిని పరీక్షిస్తుంది.
నేను వంట చేసి, పోస్టు డబ్బాని పరీక్షిస్తాను.

బీమా మాత్రం ముందే వచ్చింది.
పన్ను నొప్పికి పైసా రాదు.
పోతే, శవాన్ని ఇల్లు చేర్చడానికి
పాతిక వేల డాలర్లు!
బతికుండగా నాకెవరూ కట్టని ధర.
నవ్వాను. పన్ను సలిపింది.

చర్చి నేలమాళిగలో ఓ పియానో.
నడిమి మెట్టు ఒకటి
చెప్పుకోలేని మాటలా కిందికి జారి పలుకుతుంది.
బిగించే తాళం నా కోటు జేబులోనే ఉంది.
ఊరికే చేస్తానన్నా
"కార్డు రానీ" అంది లోర్నా.
ఆరు ఆదివారాలు
చేతులు తొడల కింద పెట్టుకుని విన్నాను.

మార్చిలో కార్డొచ్చింది. ఆగస్టుతో సరి.

మొదటి కూలి తొంభై డాలర్లు.
షుషన్‌కి పాత స్కేట్లు కొని రసీదు దాచాను.
మిగిలినవాటితో పాలు, గుడ్లు,
ఓ సంచీడు బంగాళాదుంపలు.

అవి మాకు అక్కర్లేదు.
రాసిచ్చాను కదా.