నత్తలను ఎండలో పెట్టే వేళ

పొద్దున ఆరింటికే రబ్బరు బూట్లు తొడుక్కుని
మాంగోచి ఒడ్డున తుంగలోకి దిగుతాం నలుగురం.
చేతిలో పొడుగు కర్ర,
కర్ర చివర టీ వడకట్టే జల్లెడ.
యూనివర్సిటీ పంపిన సామాన్ల జాబితాలో
దానికి నోరు తిరగని పేరొకటుంది.
అసీబు మాస్టారు జల్లెడనే అంటారు.

కలువాకుల అడుగున నత్తలు,
శనగగింజంతవి.
"కుడికి తిరిగిన గుల్లలు వదిలెయ్ తడాలా,
మనకు కావలసింది ఎడమచేతివాటం వాళ్ళు."
స్కాలర్‌షిప్ ఉత్తరంలో రాయని
నా మొదటి పాఠం అది.

పదింటికి, సీసాకొక నత్త చొప్పున
కిటికీ గట్టు మీద ఎండలో పెడతాం.
ఇక చెయ్యడానికేమీ లేదు.
స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఫెర్గస్‌కి కాలు నిలవదు,
గడియారం చూస్తాడు, సీసాలు చూస్తాడు.
మాస్టారు న్సిమా ముద్దలో ఎండుచేప నంజుకుంటూ
"నత్తకి నీ గ్రాంటు గడువు తెలీదు నాయనా" అంటారు.

పన్నెండింటికి
నీళ్ళలో సుద్దపొడి లేచినట్టవుతుంది.
లెన్సు కింద చూస్తే
ప్రతి నలుసుకీ ఒక తోక, తోక చివర చీలిక.
నీరు పల్లమెరుగు అంటారు.
ఇవి చర్మమెరుగు.
బట్టలుతికే చెయ్యి, వల లాగే పిక్క,
ఈదులాడే ఎనిమిదేళ్ళ వీపు,
ఏదైనా వాటికి వాకిలే.

లెక్కపెట్టడం రావడానికి మూడు వారాలు పట్టింది.
బడిపిల్లల డబ్బాల మీద పేర్లుండవు, అంకెలే.
పది మిల్లీలీటర్ల మూత్రం వడకట్టి
గాజు పలక మీద పరిచి
పొలం దున్నినట్టు చూడాలి,
ఒక్క చాలు కూడా తప్పకుండా.
గుడ్డుకి కొసన ఒక ముల్లుంటుంది.
నేను గాలిబుడగల్ని గుడ్లని రాశాను,
గుడ్లని బుడగలని కొట్టేశాను.
మాస్టారు తిట్టరు.
పలకని మళ్ళీ నా ముందుకు జరుపుతారు.

పరీక్షనాడు చెక్కపెట్టెలోంచి
అంచులు పసుపెక్కిన పాత పలక తీశారు.
అంకె లేదు.
లెక్కపెట్టాను. నలభై మూడు.
మళ్ళీ పెట్టాను. నలభై మూడే.
"అయితే ఏమని రాస్తావు?"
యాభై దాటలేదుగా,
"తేలికపాటి కేసు" అన్నాను పుస్తకంలో ఉన్నట్టే.

"సరిగ్గా చెప్పావు.
అది నేనే. పదకొండేళ్ళప్పుడు.
ఉచ్చలో రక్తం పడితే మగాడైనట్టు మాకు.
ఎవడికి ముందు పడుతుందా అని పందేలు కాసేవాళ్ళం.
పడనివాడు ఏడ్చుకుంటూ ఇంటికి పోయేవాడు."
పెట్టె మూత వేస్తూ అన్నారు:
"పక్కన మా అన్నది ఉంది.
దాన్ని పరీక్షకి పెట్టను."

ఆ సాయంత్రం బడిలో
గోడకి ఆనించిన కొలకర్ర.
ఎత్తుని బట్టి మాత్రలు: రెండు, రెండున్నర, మూడు.
రషీదీ అనే బుడతడు
మునివేళ్ళ మీద లేచి నిలబడ్డాడు,
మందు చేదని తెలీక, పెద్దవాడైపోదామని.
భుజం నొక్కి దింపాను.
మింగి, మొహం చిట్లించి, పరిగెత్తాడు.
మేం జీపెక్కేసరికి
వాడూ వాడి దండూ సరస్సులోనే ఉన్నారు.
వద్దని అరవబోయి ఆగిపోయాను.
ఊరికి ఉన్నది ఒకటే కుళాయి,
దానికి తాళం. పైన ఆ ఎండ.

నిన్న పేపరు చిత్తుప్రతి వచ్చింది.
పటాలు చక్కగా ఉన్నాయి, రంగురంగుల చుక్కలతో.
పై వరసలో తొమ్మిది పేర్లు, నాదీ ఉంది.
చివరి పుటలో, కృతజ్ఞతల్లో,
డ్రైవరుకి తర్వాత, బడి కాపలాదారుకి ముందు
అసీబు, ఒక అక్షరం తప్పుతో.

కిటికీలో సీసాలున్నాయి. పదకొండు కావస్తోంది.
ఒక నత్త గాజు గోడ పట్టుకుని
పైకి పాకుతోంది, ఎడమకి తిరిగి.
అక్షరం దిద్దాను.
పేరుని అక్కణ్ణించి తీసి
పై వరసలో, నా పేరుకి ముందు రాశాను.
ఫెర్గస్‌కి వివరమేమీ రాయలేదు.
కాగితాన్ని మళ్ళీ అతని ముందుకు జరిపాను.