నాలుగో కాలు

సున్నుండ అని పేరు పెట్టిన రోజే అనుకోవలసింది.

అప్పుడది నా అరచేతిలో
మడత పెట్టిన బ్లౌజు ముక్కంత.
ఇప్పుడు కుట్టుమిషన్ కింద, పెడల్ పక్కన,
జారుగా కలిపిన పిండిలా పరుచుకుని పడుకుంటుంది.
ముందు కాళ్ళు రెండు, వెనక ఒకటి కనబడతాయి.
నాలుగోది బొజ్జ కింద ఎక్కడుందో
దానికే తెలియాలి.

వేపేరి ఆసుపత్రిలో డాక్టరమ్మ తూకం వేసి
మూడు కిలోల ఎనిమిది వందలంది.
"బొచ్చండీ అదంతా. చలికాలం బొచ్చు."
"చెన్నైలో చలికాలమా?" అందావిడ, నవ్వకుండా.
నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని
ఇంకాసేపు వాదించేదాన్నే,
నా చెయ్యి తీసుకుని
దాని పక్కటెముకల మీద పెట్టింది.
వెతికాను.
ఇరవై ఏళ్ళుగా అయనావరం ఆడవాళ్ళ నడుములు కొలిచిన వేళ్ళు,
బట్ట మీంచే ఒళ్ళు చదివే వేళ్ళు.
ఒక్క ఎముక దొరకలేదు.

మా పనిలో ఒక మర్యాద ఉంది.
మనిషన్నాక ఒళ్ళు చేస్తుందని
లోపల రెండంగుళాలు బట్ట వదిలి కుడతాం.
ఏడాదికోసారి తెస్తారు, ఒక వరస కుట్టు విప్పి ఇస్తాం,
ఎవరూ ఎవరినీ ఏమీ అనం.
దీనికీ అంతే చేశాను కాబోలు,
కళ్ళలోనే కుట్లు విప్పుకుంటూ పోయాను.

ఇంట్లో పంచాయితీ పెడితే ఒక్కొక్కటే బయటపడింది.
మునిరత్నం పొద్దున టీలో ముంచని సగం బిస్కెట్
(ముంచింది తన వాటా, అదీ న్యాయం).
పిల్లాడి డబ్బాలోంచి బ్రెడ్డు అంచులు.
మేడమీద సెల్వి అక్క, శుక్రవారం శుక్రవారం అరటిపండు.
ఎవరికి వాళ్ళు తామొక్కరే పెడుతున్నామనుకున్నారు,
పాపం దానికి ఇంకెవరూ లేరన్నట్టు.

నాది నేను చెప్పలేదు.
బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా ఒక క్యారెట్ ముక్క.
రోజుకెన్ని బాబిన్లో అడక్కండి,
అందులోనూ దీపావళి సీజను.

"రెండ్రోజులు పస్తుంచుదాం," అన్నాడు మునిరత్నం,
ఏకాదశికి కూడా ఆగని మనిషి.
అదే వద్దని ఆవిడ వేలు చూపించి మరీ చెప్పింది:
ఒక్క పూట కూడా.
కుందేలు పేగు ఆగితే కుందేలు ఆగినట్టే.
గడ్డి పెంచండి, రోజంతా నమలాలి,
క్యారెట్ దానికి జిలేబీ, మెల్లగా మాన్పించండి.
తింటూ తింటూ చిక్కే ప్రాణి!
ఈ మాట విని
నా కస్టమర్లలో సగం మందికి అసూయ.

గడ్డి ఎక్కడుంది ఈ ఊళ్ళో?
వీధి మలుపులో పిళ్ళయార్ ముందు
పూలమ్మే కస్తూరి దగ్గర గరిక.
"పది కట్టలా? ఏం మొక్కు?"
"బొజ్జ తగ్గాలని."
విగ్రహం వైపు ఒకసారి చూసి
"ఆయనకే తగ్గలేదే," అంది.
అయినా రోజూ ఒక కట్ట కొసరు.

మొదటి వారం నాకు వీపు తిప్పి కూర్చుంది.
రాత్రి వెనక కాలితో నేలను కొట్టేది, ధబ్, ధబ్.
ముల్లంగి ఆకు పరవాలేదు, కొత్తిమీర కాడలు సరే,
గరికను మాత్రం ముక్కుతో పక్కకు తోసి
క్యారెట్ డబ్బా వైపు చూసేది.
నేనూ దాన్నే చూసేదాన్ని.

వారానికి ముప్పై గ్రాములు. నలభై.
ఒక వారం ఏమీ లేదు,
ఆ వారమంతా సెల్వి అక్క నా కళ్ళలోకి చూడలేదు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున
కిటికీ చువ్వకి గరిక కట్టి కత్తెర పట్టుకున్నానో లేదో,
లేచి నిలబడింది.
రెండు నేల మీద, రెండు గాల్లో.
మళ్ళీ లెక్కపెట్టాను.

ఇప్పటికీ బాబిన్ ఖాళీ అయితే
నా చెయ్యి డబ్బా దాకా వెళ్తుంది.
అందులో ఇప్పుడు హుక్కులున్నాయి.
మిషన్ దిగి నేల మీద కూర్చుంటాను, ఏమీ లేని చేతులతో.
అది కాసేపు ఆలోచించి
నాలుగు కాళ్ళ మీద నడిచొచ్చి
నా మడమకు గడ్డం రాసి పోతుంది.