దంతె పట్టిన చెయ్యి

పన్నెండు పుస్తకాలు.
టెక్కలి కాంప్లెక్సు ఎదురుగా నా జిరాక్సు మిషను మీదే
రెండువైపులా అచ్చేసుకున్నాను.
పేజీకి రూపాయి చొప్పున
నాకు నేనే బాకీ.
ఐదో భాగంలో ఉండగా టోనరు అయిపోయి
నలభై పేజీలు బూడిదరంగులో వచ్చాయి.
సరిగ్గా ఆ నలభై పేజీల్లోనే
వాడు కత్తి ముట్టుకోకుండా
చలికాలమంతా ఉప్పు మడిలో దంతె లాగుతాడు.

జపాను కుర్రాడు. వాడి పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు.
ఊరు మాత్రం నౌపడా అనుకునే చదివాను.

ఇప్పుడు బొమ్మలై వచ్చాడు.

ముందు మంచి చెప్తాను, అన్యాయం చెయ్యను.
వంతెన మీద పోరు, వానలో.
పుస్తకంలో అది ఒక్క వాక్యం:
తిరిగాడు, ముగ్గురు పడ్డారు.
రాసినాయనకి పోట్లాటలు చేతకావు,
పన్నెండు భాగాలు మోసినవాణ్ణి, నేను అనగలను.
వీళ్లు దాన్ని మూడు నిమిషాలు గీశారు.
చినుకు కత్తి అంచు మీద పడి
రెండై
రెండు వేరే చప్పుళ్లతో చెక్క మీద రాలింది.
తర్వాత సంగీతం ఆపేశారు.
వాడి ఊపిరి ఒక్కటే.
నా చేతిలో ఫోను వేడెక్కింది,
కొట్లో ఆధార్ కాపీకొచ్చిన ముసలాయన
తన కాగితం మర్చిపోయి నా భుజం మీంచి చూస్తున్నాడు.

ఇక రెండోది.
పుస్తకంలో పగవాడికి పన్నునొప్పి.
మూడు భాగాల పొడుగునా.
ఆ సలుపులోనే ఒక రాత్రి తప్పు ఆజ్ఞ ఇస్తాడు,
ఊరు తగలబడుతుంది,
పొద్దున్న లవంగం నములుతూ బూడిదలో నిలబడతాడు.
అక్కడ వాణ్ణి నేను తిట్టలేకపోయాను.
ఇక్కడ పన్నే నొప్పెట్టదు.
ఊరికే నవ్వుతాడు. పళ్లన్నీ తెల్లగా.
కొట్టేముందు కొట్టబోయే దెబ్బ పేరు అరుస్తాడు,
పొందూరు బస్సెక్కించే కండక్టరులాగ.

ఆ చలికాలమో?
ఒక పాట. నాలుగు బొమ్మలు.
గడ్డం పెరిగింది, తెగింది,
అయిపోయింది.

"నువ్వు చదివేవు కాబట్టి నీకు లోటు" అంది మా చెల్లి దమయంతి,
"నాకు బాగానే ఉంది."
జవాబు తట్టలేదు.
ఇప్పటికీ తట్టలేదు.

రాత్రి అమ్మ మడుల నుంచొచ్చి
మంచినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని
చోడంబలి తాగుతూ
నా ఫోనులోకి వంగింది.
సరిగ్గా ఆ నాలుగు బొమ్మల దగ్గరే.

"ఉప్పంత తెల్లగుంటాదేట్రా?
తొలి తీతకి బూడిదరంగే కదా.
ఆ గుంటడి కాళ్లు సూడు, ఒక్క పగులు నేదు.
దంతె తిరగేసి పట్టుకున్నాడు,
అలాగైతే సాయంత్రానికి బొబ్బలే."

నేను నవ్వబోయాను, గెలిచినట్టు.
"ఆగు" అంది.
గిన్నె కింద పెట్టి
ఎనక్కి తిప్పమంది.
వాడు వంగి, లాగి,
లేవబోయి, లేవలేక,
ఒక్క క్షణం నడుం మీద చెయ్యేసుకున్న చోట.
కన్ను మూసి తెరిస్తే దాటిపోయేది.
నేను దాటేసిందే.

"ఇదెవుడో ఎరిగినోడే గీసినాడు" అంది.
మళ్లీ తిప్పమంది. మళ్లీ.
పుస్తకంలో నలభై పేజీలున్నాయి,
నడుం మీద చెయ్యి
ఒక్కచోటా లేదు.
వెతికాను, అమ్మ పడుకున్నాక,
బూడిద అక్షరాల మీద టార్చి వేసి.

పొద్దున్న తెల్లారకముందే
చెంబు సర్దుకుంటూ అడిగింది,
మిగతాది ఎన్నింటికొస్తాదని.
శుక్రవారం అన్నాను.
తర్వాత భాగంలో ఎక్కడా
ఉప్పు లేదని చెప్పలేదు.