పావురం

మందిరంలో నా చోటు చివరి వరస వెనక,
చెప్పుల స్టాండుకీ మిక్సర్‌కీ మధ్య.
పదకొండేళ్ళుగా దేవుడి దగ్గరికి పోయే గొంతులన్నీ
ముందు నా వేళ్ళ కిందనుంచే పోతాయి.

ఎవరికి ఎంత ఎకో కావాలో నాకు తెలుసు.
జోయెల్ బాబు "ప్రభువా, నిన్ను ప్రేమిస్తున్నాను" అనే ముందు
ఒక్క క్షణం ఊపిరి బిగబడతాడు.
అప్పుడు నేను ఎడమ గుండీ సగం తిప్పాలి.
మాట కొండ మీదనుంచి దిగినట్టు దిగుతుంది.
రెండో చరణం దగ్గర ఆయనకి కన్నీళ్ళు.
అబద్ధమని నేననను.
ప్రతి ఆదివారం అదే చరణం దగ్గర, అంతే.

నేనేం తక్కువవాణ్ణి కాను.
ఒక చెయ్యి మిక్సర్ మీద, ఒక చెయ్యి పైకి,
మూసిన కళ్ళు లెవెల్ చూడ్డానికి సన్నగా తెరిచి.
ఆ మాట పాటల్లో వెయ్యిసార్లు అన్నాను.
మా రూతుతో ఒక్కసారీ అనలేదు.
అంటే జ్వరమేమోనని నుదురు పట్టుకు చూస్తుంది.

సలోమమ్మ రెండో ఆరాధనకి వస్తుంది, అదీ ఆలస్యంగా.
రాంనగర్ చేపల మార్కెట్లో ఆదివారమే కదా బేరం.
చీర మార్చుకుంటుంది, చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుంటుంది,
అయినా మోచేతి దగ్గర ఒక పొలుసు మెరుస్తూనే ఉంటుంది.
పక్కవాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు
ప్రార్థనలో ఉన్నట్టు.

ఆ రోజు సాక్ష్యాల వేళ లేచింది.
మైకుని కత్తి పట్టుకున్నట్టు పట్టుకుంది.
నా వేళ్ళు అలవాటుగా గుండీ మీదికి పోయాయి.

"అయ్యా, నా చిన్నోడు పోయిన కాన్నుంచి
నాకు నీ మీద పావురం అస్తలేదు."

తెనాలివాణ్ణి. పావురమంటే నాకు పక్షి.
వేదిక వెనక గోడ మీద రెక్కలు చాపి దిగుతుందే, అది.
పెయింటర్ చెయ్యి వణికి కాస్త బాతులా వచ్చింది.
ఈవిడ ఆ పక్షి సంగతి ఇప్పుడెందుకు ఎత్తిందా అనుకున్నాను.

"పోయిన ఆదివారం పాట పాడిన. నోరే పాడింది.
నీకెర్కే గద.
ఇయ్యాల నీ ముంగట అబద్దమాడబుద్ధి కాలే.
గని వచ్చిన. గీడనే కూసుంట."

గుండీ సున్నాకి తిప్పేశాను. ఎందుకో తెలీదు.
ప్రతి ప్రార్థన కిందా మెత్తగా స్వరం పరిచే
కీబోర్డు సుధీర్ ఎత్తిన చేతులు దించలేదు.
ఎవరూ హల్లెలూయా అనలేదు.
ఫ్యాన్లు తిరిగాయి. బయట గల్లీలో
ఎవరో ఉల్లిగడ్డలమ్మే బండి అరుపు
అయిదు కిలోలు వంద, అయిదు కిలోలు వంద.
అయ్యగారు కళ్ళజోడు తీసి తుడిచారు,
తుడిచిందే మళ్ళీ తుడిచారు.
తర్వాత రాసుకొచ్చిన ప్రసంగమే చెప్పారు, పొదుపు గురించి.

రూతుది బోయిన్‌పల్లి. రాత్రి అన్నం వడ్డిస్తూ నవ్వింది.
"పక్షి కాదు మహానుభావా.
బిడ్డల మీద తల్లికుండేది. ఎత్తుకోబుద్ధయ్యేది."
ఇంకేదో అనబోయి, చారు పోసి ఊరుకుంది.

మర్నాడు ఖాళీ మందిరంలో వైర్లు చుడుతూ
ఆ మాట మైకు లేకుండా అనబోయాను.
గొంతు పెగల్లేదు. వేరే మాట వచ్చింది:
"అంటూ వచ్చాను గానీ, ఉందో లేదో నాకు తెలీదు."
చెప్పుల స్టాండు ఒక్కటే ఉంది అక్కడ, వినడానికి.
ఆయన కూడా ఉన్నాడేమో.

నెల పోయాక మార్కెట్లో బొచ్చె తూయిస్తూ
ఆవిడ మాటని నా యాసలో అడిగాను:
"వచ్చిందా అమ్మా, పావురం?"

కత్తిపీట మీదనుంచి తలెత్తలేదు.
"రాలే. గని కిటికి ముయ్యలే."

చేపని నిలువునా చీల్చి,
"తలకాయ గూడ ఎయ్యాల్నా?" అంది.
వెయ్యమన్నాను.