పట్టూ విడుపూ

ఎస్కెల్ దాటాక ఏటవాలు ఎక్కుతుంటే
ఇంజను గొంతు చించుకుంది,
చక్రాలు వినిపించుకోలేదు.
కాలిన వెంట్రుకల వాసన.
"అయిపోయింది," అంది నెరిస్ అత్త.
డెబ్భై ఎనిమిదో సంవత్సరపు ఫోర్డ్ పికప్పు,
నాకంటే రెండేళ్లు పెద్దది.

మెకానిక్ అడిగింది పదకొండు గొర్రెల ఖరీదు.
అత్త వేళ్ల మీద లెక్కేసింది.
పదకొండో వేలు దొరకలేదు.
ఇంటికే తోలుకొచ్చింది, బతిమాలుకుంటూ,
దారంతా రెండో గేరులోనే.

మా షెడ్డుకు మూడు గోడలు. నాలుగోది గాలి.
పడమటి నుంచి వస్తుంది, వచ్చిందంటే వారం కదలదు.
వరసగా పేర్చిన బోల్టులతో సహా
అట్టముక్కను ఎత్తి అవతల పారేసింది.
అప్పట్నుంచి
గుడ్ల అట్టలో గుంటకొకటి చొప్పున దాచాం.

పక్క పొలం అనిసెతో వచ్చాడు,
జాకీ తెచ్చాడు, మాటలు తేలేదు.
ప్రొపెల్లర్ షాఫ్టు తొందరగానే ఊడింది.
గేర్ బాక్సు పైన బోల్టొకటి ఉంది చూడు,
చెయ్యి వెళితే చూపు వెళ్లదు,
చూపు వెళితే చెయ్యి పట్టదు.
అత్త కళ్లు మూసుకుని విప్పింది.
గొర్రె కడుపులో అడ్డం తిరిగిన పిల్లను
సరిచేసి లాగే వేళ్లు అవి,
చీకటి వాటికి కొత్త కాదు.

ప్లేటు చేతికొచ్చింది.
అరిగి అరిగి రివెట్ల తలలు తేలాయి.
"ఈ కాలు ఎవరిది?" అన్నాడు అనిసెతో,
పొద్దుట్నుంచి అదే మొదటి మాట.
క్లచ్ మీద కాలు ఆనించి నడిపేవాళ్ల సంతకం అది.
ఆ బండి అందరం తోలాం.
అందరం నేల చూశాం.

క్రాంకు చివర గుంటలో ఇత్తడి బుష్షు,
నా బొటనవేలంత. రాదు.
లాగే పనిముట్టు లేదు.
అత్త వంటింట్లోకి వెళ్లి
నిన్నటి రొట్టె పట్టుకొచ్చింది.
తడిపి, పిసికి, ముద్దలు చేసి గుంటలో కూరి
పాత ఇరుసు ముక్క ఆనించి సుత్తితో కొట్టింది.
నేను నవ్వాను.
ఇంకో ముద్ద, ఇంకో దెబ్బ.
ఇంకో ముద్ద.
నవ్వు ఆపేశాను.
వెనక రొట్టె తోస్తుంటే
బుష్షు పాలపన్నులా కదిలి
అత్త అరచేతిలో పడింది.
గ్రీజు అంటని రొట్టె కుక్కకి పెట్టాం,
అంటింది అదే వెతుక్కుని తింది.

చీపురు కర్ర చివర చెక్కి, టేపు చుట్టి
కొత్త ప్లేటు నడిమికి గురి చూశాం.
అనిసెతో వెల్లకిలా పడుకుని
గేర్ బాక్సును గుండెల మీదికి ఎత్తుకున్నాడు.
పైకి వెళ్లింది, లోపలికి వెళ్లింది,
వేలెడు దూరంలో ఆగింది.
ఆ వేలెడు, రెండు గంటలు.
అత్త వెల్ష్‌లో తిట్టింది,
అనిసెతో మపుచే భాషలో,
నేను స్పానిష్‌లో.
గేర్ బాక్సుకు ఏ భాషా రాదు.

దీపం కూడా వణికింది.
ఇక రేపు చూద్దామని
అనిసెతో ఊపిరి వదిలాడు.
ఛాతీ దిగింది, బాక్సు రవ్వంత ఒరిగింది,
దానంతటదే
లోపలికి జారి కూర్చుంది.
కాసేపు ముగ్గురం కదల్లేదు.

పొద్దున్నే అత్త స్టార్ట్ చేసింది.
ఫోర్డ్ ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.
మళ్లీ గెంతింది. కోళ్లు కంచె దాటాయి.
కొత్త ప్లేటు కిందే పట్టేస్తోంది,
అత్త కాలు ఇంకా పైనే వెతుకుతోంది.
రోజుకింత అరిగినదానికి
రోజుకింత సర్దుకుపోయిన కాలు,
ఒక్క రాత్రిలో ఎలా మరుస్తుంది?

బూటు విప్పి అవతల పారేసింది.
ఉన్ని మేజోడు పాదం పెడల్ మీద పెట్టి
ఎవరిదో గుమ్మం తడుతున్నట్టు
మెల్లగా, ఇంకా మెల్లగా.
బండి కదిలింది.
గేటు దాటింది, మలుపు తిరిగింది,
దుమ్మును గాలి మా ముఖాన కొట్టింది.

గుడ్ల అట్టలో ఒక బోల్టు మిగిలింది.
అనిసెతో దాన్ని చూశాడు, నన్ను చూశాడు,
జేబులో వేసుకున్నాడు.