నీళ్లు పట్టు

మద్దమ్మా,
మిషను తిరిగేటప్పుడు నేను చెప్పిన మాటలు
నీకెన్ని చేరినాయో నాకు తెలీదు.
బేతంచెర్లలో మన పాలిష్ ఫ్యాక్టరీలో
నోరు కదిలేది కనిపిస్తాది గానీ మాట వినపడదు.
ఆ ధైర్యంతోనే
నాలుగు వారాల నుంచి అడుగుతాండా నిన్ను,
నాపరాయి మీద నీళ్లు పోస్తా పోస్తా,
సగం గొంతుతో, తల పైకెత్తకుండా.

ఆ శుక్రవారం మాత్రం గట్టిగా అరిచినా.
"ఆదివారం నాతో చర్చికి రామే మద్దమ్మా!"
సరిగ్గా అప్పుడే కరెంటు పోయె.

షెడ్డంతా ఆ మాట ఒక్కటే మిగిలె.
రాళ్లు మోసే పిల్లోళ్లు తిరిగి చూసిరి.
లెక్కలు రాసే సుంకన్న కళ్లద్దాల పైనుంచి చూసె.
ఎవడో కిసుక్కుమనె.
నీ కొంగు నుంచి తెల్ల బురద బొట్లు బొట్లుగా కారేది కూడా
వినపడె నాకు.

చానాసేపటికి అడిగితివి:
"నన్ను తీసుకపోతే నీకేమన్నా ఇస్తారామే లేయా?"

నవ్వుతానే అడిగితివిలే.
అయినా ఆ రాత్రంతా నిద్ర పట్టలా.

ఏమిస్తారు?
రేకుల షెడ్డు అది. ఎండాకాలమొస్తే పెనం.
ఫ్యాను ఒకటి తిరుగుతాది, ఇంకొకటి తిరిగినట్టు చేస్తాది.
అయ్యగారు ప్రసంగం మొదలుపెడితే
ముందు వరసలోనే ముసలి ఎస్తేరమ్మ గురక పెడతాది.
జబ్బులు పోతాయని చెప్పను నీకు.
మా ఆయన దగ్గు పోలా. ఆయన పోయె.
అప్పులు తీరతాయని కూడా చెప్పను.
నీ పేరులోనే నీ దేవుడున్నాడు, నాకు తెలుసు.
మద్దిలేటికి పోయొచ్చిన ప్రతిసారీ
నేను ప్రసాదం తిననని
అంగట్లో బొరుగులు నాకని వేరేగా కట్టించుకొస్తావు.
అట్లాంటి నిన్ను ఎందుకు పిలుస్తాండా?

నేను పనిలో చేరిన మొదటి దినం
అందరూ సద్దిగిన్నెలు పట్టుకొని నీడకు పోయిరి.
నేను నీళ్లతొట్టి పక్కన ఒక్కదాన్నే కూర్చుంటి.
మా పేట పేరు చెబితే చాలు కదా ఈ ఊళ్లో.
నువ్వు లేచి వచ్చి, అడక్కుండానే
నా గిన్నెలో చెయ్యి పెట్టి
ఊరిబిండి వేలితో తీసుకొని నాకి
"ఉప్పు తక్కువైందిమే" అంటివి.

నెలకోసారి మా గుడిలో
ఒకే రొట్టె తుంచి అందరికీ పెడతారు.
అది నా చేతిలోకి వచ్చినప్పుడల్లా
నీ వేలే గుర్తుకొస్తాది.
ఇది నీకెట్ల చెప్పేది?
మిషను మీద అరిచి చెప్పేదా?

ఆదివారం చాప మీద పక్కన చోటు పెట్టుకుంటి.
రెండో పాటకు ఎవరి పిల్లోడో వచ్చి కూర్చునె.
లేపబుద్ధి కాలా.

సోమవారం రొట్టె నములుతా నువ్వే అడిగితివి:
"ఏం చెప్పె నిన్న మీ అయ్యగారు?"
చెప్పినా. ఒకామెకు పది వెండి రూకలు. ఒకటి పోతే
దీపం ముట్టించి, ఇల్లంతా ఊడ్చి వెదికిందంట.
"నా ముక్కుపుల్ల మాదిరి" అంటివి.
ఔను, పోయినేడు బురదగుంటలో
ఇద్దరం పొద్దుగూకేదాకా దేవులాడితిమి.
"ఆయమ్మకు దొరికెనా?"
"దొరికె."
"మరి నాది దొరకలేదే!"

ఆయన ఇంకా వెదుకుతానే ఉన్నాడు అనబోతి.
మిషను ఆన్ చేసిరి.
నీ చెవికి నోరానించి అరిచినా.
తల ఊపితివో, చెవిలో దుమ్మే దులుపుకుంటివో,
పైపు నా చేతిలో పెట్టి
"నీళ్లు పట్టుమే, రాయి కాలిపోతాంది" అంటివి.